మానసిక వైద్యశాలల సేవకులు: ఒత్తిడి, నిబ్బరం

ఆరోగ్యమే మహాభాగ్యమన్నారు పెద్దలు. ఆ భాగ్యాన్ని కోల్పోయినవారు దానిని తిరిగి వెదకుకొంటూ వచ్చే చోటు మన గవర్నర్‌పేట. ఇటు ఏలూరు రోడ్డు, అటు బందరు రోడ్డు. నడుమ ఏ వీధిలో నడచినా వైద్యుల పేర్ల పలకలు, మందుల దుకాణాలు, రక్తపరీక్షల కేంద్రాలు కనబడతాయి. దివిసీమ మొదలు కైకలూరు వరకు గల డెల్టా గ్రామాలనుండి బస్సులలో వచ్చిన జనం ఇక్కడ ఉదయంనుండి వేచి ఉంటారు. ఎముక విరిగినవారు, గుండెనొప్పి వచ్చినవారు తమ జబ్బును ప్రక్కవారితో చెప్పుకొని ఊరట పొందుతారు. మనస్సు చెదిరినవారిని వెంటబెట్టుకొని వచ్చిన బంధువులు మాత్రం ఎవరి కంటా పడకుండా ఒక మూల కూర్చుంటారు.

అట్టి రోగులను గూర్చి, వారికి చికిత్స చేసే వైద్యులను గూర్చి అప్పుడప్పుడు పత్రికలలో చదువుతుంటాము. ఆ రోగుల ప్రక్కన 24 గంటలూ నిలిచి ఉండే స్టాఫ్ నర్సులను, వార్డు బాయ్‌లను, ఆయాలను, కాపలాదారులను గూర్చి వ్రాసేవారు తక్కువ. వైద్యుడు రౌండ్సుకు వచ్చి వెళ్లిన తరువాత వార్డు తలుపు మూసుకొని లోపల మిగిలేది వీరే. ముఖ్యంగా న్యాయస్థానాల ఉత్తరువుపై వచ్చిన రోగులు, తమకుగాని ఇతరులకుగాని హాని చేయగల స్థితిలోని రోగులు ఉండే మూసిన వార్డులలో వీరి ఉద్యోగం కత్తిమీద సాము. ఆ సాము చేసేవారి మనస్సుపై పడే భారమేమిటి? దానిని వారెట్లు తట్టుకొంటారు? ఆ శక్తి ఎక్కడినుండి వస్తుంది? ఈ మూడు ప్రశ్నలను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం. నర్సింగులోకి, పోలీసు శాఖలోకి, జైళ్ల శాఖలోకి వెళ్లదలచిన విద్యార్థులు మన తరగతులలో ఉంటారు. కావున ఇది మనకు దూరపు విషయం కాదు.

తెలుగు నేలపై మానసిక వైద్యశాలలు

ఆంగ్లేయుల కాలంలో మద్రాసు రాజధానిలో మద్రాసు, కాలికట్, విశాఖపట్నం నగరాలలో పిచ్చివారి ఆశ్రయాలు వెలసినాయి. విశాఖలోని సంస్థ పంతొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధానికి చెందినది. అదే నేటి చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల. నిజాం రాజ్యంలో జాల్నాలో ఉండిన మానసిక వైద్యాలయం 1953లో హైదరాబాదులోని ఎర్రగడ్డకు తరలి వచ్చినది. కృష్ణా డెల్టాకు ఈ రెండూ దూరమే. బెజవాడనుండి విశాఖ సుమారు 350 కిలోమీటర్లు, హైదరాబాదు సుమారు 275 కిలోమీటర్లు. ఒకనాడు మన ప్రాంతపు కుటుంబాలకు తీవ్రమైన మానసిక వ్యాధి వస్తే ఈ రెండు దారులే శరణ్యం. 2014లో రాష్ట్రం విడిపోయిన తరువాత ఎర్రగడ్డ తెలంగాణకు, విశాఖ ఆంధ్రప్రదేశ్‌కు చెందినాయి.

ఈ సంస్థల పేర్లు వాడుకలో ఎట్లు మారినాయో గమనించండి. "వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి" అనేది తెలుగునాట పరిహాసపు మాట. సినిమాలలో కూడా వినబడుతుంది. ఆ మాట రోగిని మాత్రమే గాయపరచదు. ఎర్రగడ్డలో ముప్పది ఏండ్లు నిజాయితీగా పనిచేసిన నర్సు తన ఉద్యోగస్థలం పేరు చెప్పగానే ఎదుటివారి పెదవులపై కదలే చిరునవ్వును భరించవలసి ఉంటుంది. గుండె ఆసుపత్రిలో పనిచేసేవారికి లభించే గౌరవం వీరికి లభించదు. వ్యాధికి అంటిన అపవాదు దానికి సేవ చేసేవారికి కూడా అంటుకోవడం ఈ వృత్తిలోని మొదటి భారం.

మొదట వీటిని నిర్మించినవారి దృష్టి చికిత్సకంటె కాపలాపైనే నిలిచినది. ఎత్తైన గోడలు, ఇనుపకమ్మీల కిటికీలు, ఒంటరి గదులు ఆ దృష్టికి సాక్ష్యాలు. 1912 నాటి చట్టం పేరే భారత ఉన్మాదుల చట్టం. 1946లో భోర్ కమిటీ దేశంలోని మానసిక వైద్యశాలల దుస్థితిని ప్రభుత్వం ముందు ఉంచినది. అర్ధ శతాబ్దం గడచిన తరువాత 1999లో జాతీయ మానవహక్కుల సంఘం, బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సహకారంతో 37 మానసిక వైద్యశాలలను పరిశీలించి ప్రకటించిన నివేదికలో కూడా జైలును తలపించే కట్టడాలు, సిబ్బంది కొరత ప్రధానంగా కనబడినాయి. జైలువంటి కట్టడంలో పనిచేసే నర్సు తాను నర్సునని మరచి జైలరుగా మారిపోయే ప్రమాదం ఎల్లప్పుడూ ఉంటుంది.

బీమారిస్తాన్ నేర్పిన పాఠం

మానసిక రోగిని గౌరవంతో చూడడం పశ్చిమ దేశాలనుండి నిన్న మొన్న వచ్చిన భావన కాదు. ఇస్లామీయ నాగరికతలో వైద్యశాలను బీమారిస్తాన్ అన్నారు. ఉర్దూలో బీమార్ అంటే రోగి అని మనకు తెలిసినదే. కైరో నగరంలో సుల్తాన్ కలావూన్ 1284లో నిర్మించిన మన్సూరీ వైద్యశాలలో మానసిక రోగులకు ప్రత్యేక విభాగం ఉండేది. తుర్కీలోని ఎదిర్నేలో రెండవ బాయజీద్ 1488లో స్థాపించిన వైద్యశాలలో సంగీతాన్ని, నీటి సవ్వడిని కూడా చికిత్సలో ఉపయోగించినారు. పదవ శతాబ్దంలో మరణించిన అబూ జైద్ అల్-బల్ఖీ దేహపోషణను, ఆత్మపోషణను ఒకే గ్రంథంలో చర్చించి, దిగులుకు, భయానికి, కోపానికి కూడా వైద్యం ఉన్నదని వివరించినాడు. మన హైదరాబాదులోని దారుష్షిఫా సైతం కుతుబ్‌షాహీల కాలంలో వైద్యశాలగానే వెలసినది.

ఉర్దూలో రోగి సేవను తీమార్‌దారీ అంటారు. వైద్యం చేయడం వేరు, తీమార్‌దారీ వేరు. రోగి ప్రక్కన కూర్చుండి, అన్నం తినిపించి, దుస్తులు మార్చి, రాత్రి మేలుకొని కనిపెట్టుకొని ఉండేవాడు తీమార్‌దార్. తుర్కీ భాషలో మానసిక వైద్యశాలకు తీమార్‌హానె అనే పేరు రావడంలో గొప్ప సత్యం ఉన్నది. ఈ వైద్యంలో సింహభాగం ఔషధంకంటె సేవదే.

ఐరోపా చరిత్ర కూడా ఇదే చెబుతుంది. పారిస్‌లోని బిసేత్ర్ ఆశ్రయంలో ఉన్మాదుల సంకెళ్లు విప్పించిన ఘనత వైద్యుడు ఫిలిప్ పినెల్‌దేనని పాఠ్యపుస్తకాలలో చదువుతుంటాము. 1797లో ఆ సంకెళ్లను నిజంగా తొలగించినవాడు జాన్-బాప్తిస్త్ ప్యుస్సాఁ అనే వార్డు అధికారి. ఆయన వైద్యుడు కాడు. గండమాల వ్యాధితో అదే సంస్థలో రోగిగా చేరి, కోలుకొని, అక్కడే కొలువు సంపాదించుకొన్నవాడు. భార్య మార్గరీత్ కూడా ఆయనతో కలిసి పనిచేసినది. కోలుకొన్న రోగులనే సేవకులుగా నియమించుకోవడం, రోగిని కొట్టిన సేవకుని శిక్షించడం ఆయన పద్ధతులు. ఆయన విలువను గ్రహించిన పినెల్ 1802లో ఆయనను తన కొత్త వైద్యశాల సాల్‌పెత్రియేర్‌కు రప్పించుకొన్నాడు. చరిత్ర గ్రంథాలలో వైద్యుని పేరు మిగిలినది, వార్డు సేవకుని పేరు మరుగున పడినది.

కాపలా ఒక చేత, కరుణ ఒక చేత

ఇంగ్లండులో 1863లో ప్రారంభమైన బ్రాడ్‌మూర్ వంటి ప్రత్యేక భద్రతా మానసిక వైద్యశాలలు ఉన్నాయి. నేరారోపణకు గురియైన మానసిక రోగులను అక్కడ ఉంచుతారు. మన దేశంలో ఇట్టివారు సాధారణంగా మానసిక వైద్యశాలలలోని ప్రత్యేక వార్డులలోను, జైళ్లలోను ఉంటారు. మతిస్థిమితం లేని స్థితిలో చేసిన పని నేరం కాదనే సూత్రం పూర్వం భారత శిక్షాస్మృతి 84వ సెక్షనులో ఉండేది. 2024 జులై 1నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో అది 22వ సెక్షనుగా ఉన్నది. విచారణను అర్థం చేసుకోలేని స్థితిలో ఉన్న నిందితుని న్యాయస్థానం చికిత్సకు పంపుతుంది. అతడు నర్సుకు రోగి, పోలీసుకు ఖైదీ, న్యాయస్థానానికి నిందితుడు. ఒకే మనిషిని మూడు పేర్లతో పిలిచే స్థలంలో పనిచేయడం సులభం కాదు.

ఇట్టివారిలో కొందరి నిరీక్షణకు అంతం ఉండదు. అస్సాంలో 1951లో నిర్బంధానికి లోనైన ఒక యువకుడు విచారణ లేకుండానే మానసిక వైద్యశాలలోను, జైలులోను 54 సంవత్సరాలు గడపి 2005లో వృద్ధుడై విడుదలైనాడు. నేరం చేయని మానసిక రోగులను జైలులో ఉంచడం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 1993లో షీలా బర్సే కేసులో స్పష్టం చేసినది. కోలుకొన్నా ఇంటివారు తీసుకొనిపోని రోగులు నేటికీ ఉన్నారు. పండుగనాడు తలుపువైపే చూస్తూ కూర్చునే మనిషికి "రేపు వస్తారులే" అని చెప్పవలసినది ఆయా. ఆ అబద్ధపు బరువును మోసేది కూడా ఆమెయే.

2001 ఆగష్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో జరిగిన దుర్ఘటన మనకు మరింత దగ్గరగా తాకుతుంది. అక్కడి దర్గా మహిమపై విశ్వాసంతో దూరప్రాంతాలనుండి తెచ్చి, చుట్టుప్రక్కల ప్రైవేటు ఆశ్రయాలలో ఉంచిన రోగులలో 28 మంది, నిప్పంటుకొన్నప్పుడు గొలుసులు తెంచుకోలేక కాలిపోయినారు. తప్పు విశ్వాసానిది కాదు. దర్గాకు వెళ్లినా, గుడికి వెళ్లినా, చర్చికి వెళ్లినా మనిషి మనిషే. సేవకు మనుషులు లేనిచోట గొలుసు ఆ పని చేసినది. ఆ గొలుసే ప్రాణాలు తీసినది.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018లో అమలులోకి వచ్చినది. రోగిని గొలుసులతో కట్టరాదని అది శాసించినది. ఒంటరి నిర్బంధాన్ని నిషేధించినది. తక్షణ ప్రమాదాన్ని నివారించడానికి వేరు మార్గం లేనప్పుడు మాత్రమే, బాధ్యుడైన మానసిక వైద్యుని అనుమతితో, అవసరమైనంత సేపు మాత్రమే రోగిని భౌతికంగా నిరోధించవచ్చునని 97వ సెక్షను చెబుతుంది. అట్లు చేసిన ప్రతిసారీ కారణాన్ని రికార్డులో వ్రాయాలి. శిక్షగా నిరోధించరాదు. సిబ్బంది తక్కువగా ఉన్నారనే కారణంతో నిరోధించరాదని కూడా ఆ సెక్షను స్పష్టంగా చెప్పినది.

ఇది ఉత్తమమైన చట్టం. అయితే దీనిని వార్డులో నిలబడి చదువవలసి ఉన్నది. రాత్రి రెండు గంటలవేళ వార్డులో ఒక నర్సు, ఒక వార్డు బాయ్ మాత్రమే ఉన్నారనుకొందాము. ఒక రోగి తల గోడకు కొట్టుకొంటున్నాడు, మరొకడు కేకలు వేస్తున్నాడు, ఇరువురు నిద్రలేచి భయపడుతున్నారు. సిబ్బంది కొరత సాకు కారాదని చట్టమంటుంది. ఆ కొరతను తీర్చే అధికారం మాత్రం ఆ నర్సు చేతిలో లేదు. గొలుసు తీసివేసినచోట మనిషిని నిలబెట్టాలి. అది ప్రభుత్వం, యాజమాన్యం చేయవలసిన పని. వారు చేయనప్పుడు చట్టానికి, వాస్తవానికి నడుమ నలిగిపోయేది తాళపుచెవులు పట్టుకొన్న చిన్న ఉద్యోగి.

ఒత్తిడి అనగా ఏమి?

భౌతికశాస్త్ర విద్యార్థులకు ప్రతిబలం, వికృతి, స్థితిస్థాపకత అనే పదాలు సుపరిచితాలు. తీగకు బరువు కట్టితే సాగుతుంది, తీసివేస్తే తిరిగి యథాస్థితికి వస్తుంది. స్థితిస్థాపక అవధి దాటితే మాత్రం బరువు తీసినా పూర్వరూపం రాదు. చిన్న బరువునే మాటిమాటికి వేసి తీస్తూ ఉంటే లోహం కూడా అలసిపోతుంది. ఆంగ్లంలో మనోవ్యథకు వాడే స్ట్రెస్ అనే మాట ఈ శాస్త్రంలోనిదే. హంగేరీ సంతతికి చెందిన కెనడా శాస్త్రజ్ఞుడు హాన్స్ సెల్యే 1936నుండి చేసిన పరిశోధనలవల్ల అది వైద్యంలో వ్యాపించినది. ఆపద వచ్చినప్పుడు శరీరం మొదట ఉలిక్కిపడుతుంది, పిమ్మట ఎదిరించి నిలుస్తుంది, ఆపద తొలగకపోతే చివరకు సొమ్మసిల్లుతుంది. ఇవే ఆయన చెప్పిన మూడు దశలు.

1974లో న్యూయార్కు మనస్తత్వ శాస్త్రవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్, ఉచిత వైద్యశాలలలో ఉత్సాహంతో చేరిన సేవకులు క్రమంగా బూడిదవలె చల్లబడిపోవడాన్ని వర్ణించినాడు. 1981లో క్రిస్టీనా మాస్లాక్, సూసన్ జాక్సన్ దీనిని కొలిచే సాధనాన్ని రూపొందించినారు. దీనికి మూడు లక్షణాలు: మనస్సు ఎండిపోవడం, రోగిని మనిషిగా చూడలేకపోవడం, తన పనికి విలువ లేదని తోచడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో దీనిని వ్యాధిగా చేర్చలేదు. సరిగా నిర్వహింపబడని దీర్ఘకాలపు ఉద్యోగపు ఒత్తిడివల్ల కలిగే స్థితిగా పేర్కొన్నది. ఈ తేడా ముఖ్యమైనది. వ్యాధి అయితే వ్యక్తికి మందు ఇచ్చి ఊరుకొంటాము. ఉద్యోగపు స్థితి అయితే ఉద్యోగాన్నే సరిదిద్దాలి.

అమెరికా పరిశోధకుడు రాబర్ట్ కరాసెక్ 1979లో మరొక సూత్రం చెప్పినాడు. పని ఎక్కువైనంత మాత్రాన మనిషి కృంగడు. పని ఎక్కువగా ఉండి, దానిని ఎట్లు చేయాలో నిర్ణయించే స్వేచ్ఛ తక్కువైనప్పుడు కృంగుతాడు. మూసిన వార్డులో ఎవరికి స్వేచ్ఛ ఎక్కువ, ఎవరికి తక్కువ అని ఆలోచిస్తే ఈ సూత్రం ఎవరిని గూర్చి చెబుతున్నదో తెలుస్తుంది. వైద్యుడు నిర్ణయిస్తాడు, నర్సు అమలు చేస్తుంది, వార్డు బాయ్ పట్టుకొంటాడు. నిర్ణయించేవాని చేయి రోగిని తాకదు. పట్టుకొన్నవాని మాట ఎవరూ అడుగరు.

వార్డులోని భారాలు

మొదటిది ఎడతెగని జాగరూకత. మానసిక రోగులలో అత్యధికులు ఎవరికీ హాని చేయరు. అయితే ఎప్పుడో ఒకసారి ఎవరో ఒకరు తిరగబడవచ్చును. ఆ ఒక్కసారికై ప్రతి క్షణం వీపు గోడవైపు ఉంచి నిలబడడం అలవాటైన ఉద్యోగి ఇంటికి వచ్చినా తలుపు చప్పుడుకు ఉలిక్కిపడతాడు. చెంచాలు లెక్కపెట్టడం, దుప్పట్లు లెక్కపెట్టడం, స్నానాల గదిలో ఎవరెంతసేపు ఉన్నారో గమనించడం బయటివారికి చిన్న పనులు. ఒక్క లెక్క తప్పితే ఒక ప్రాణం పోవచ్చునని లోపలివారికి తెలుసు.

రెండవది నిరోధించిన జ్ఞాపకం. రోగిని నలుగురు కలిసి పట్టుకొని సూది వేసిన తరువాత రోగి నిద్రపోతాడు, పట్టుకొన్నవానికి నిద్ర రాదు. తాను చేసినది సేవయా, బలాత్కారమా అనే సందేహం వెంటాడుతుంది. ఆ సందేహం కలగడం మంచి మనస్సుకు గుర్తు. కలగడం మానివేసినప్పుడే భయపడాలి.

మూడవది ఆత్మహత్య. వార్డులో రోగి ప్రాణం తీసుకొంటే మొదట సంజాయిషీ చెప్పవలసినవారు ఆ డ్యూటీలోనివారే. శోకించడానికి వారికి వ్యవధి ఉండదు, విచారణకు జవాబు వ్రాయాలి.

నాలుగవది కొలువులోని అభద్రత. అనేక వైద్యశాలలలో పారిశుధ్యపు పని, కాపలా పని కాంట్రాక్టు పద్ధతిపై నడుస్తున్నాయి. మానసిక రోగితో ఎట్లు మాట్లాడాలో ఒక్కనాడైనా నేర్పకుండా మనిషిని వార్డు తలుపు దగ్గర నిలబెట్టడం అతనికి, రోగికి ఉభయులకూ అన్యాయమే.

వైద్య సేవకులపై దౌర్జన్యాన్ని నిరోధించడానికి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నాటి చట్టమున్నది. అది బయటినుండి వచ్చి దాడి చేసేవారికి వర్తింపజేయదగినది. తానేమి చేయుచున్నాడో తెలియని రోగి కొట్టిన దెబ్బకు చట్టం ఔషధం కాదు. ఆ దెబ్బ తిన్న నర్సు మరునాడు అదే రోగికి అన్నం పెట్టాలి. కోపాన్ని మ్రింగి ముఖాన శాంతిని నిలుపుకోవడం కూడా శ్రమయే. సమాజశాస్త్రవేత్త ఆర్లీ హోష్‌చైల్డ్ 1983లో దీనిని భావోద్వేగ శ్రమగా గుర్తించినది. బస్తా మోసిన కూలికి ఒళ్లు నొప్పి అని అందరూ ఒప్పుకొంటారు. కోపాన్ని మోసినవారి నొప్పికి మన జీతాల పట్టికలో లెక్క లేదు.

రాయిగా మారే మనస్సు

ఇంతటి భారం నుండి మనస్సు తనను తాను ఎట్లు కాపాడుకొంటుంది? మనోవిశ్లేషకురాలు ఇసబెల్ మెంజీస్ 1960లో లండనులోని ఒక బోధనాసుపత్రి నర్సులను గూర్చి ప్రకటించిన పరిశీలన ఇందుకు సమాధానం. నర్సులకు రోగులతో అనుబంధం కలగకుండా పనిని ముక్కలుగా విభజించడం, రోగిని పేరుతోగాక పడక సంఖ్యతోనో, చెడిన అవయవంతోనో పిలవడం, నిర్ణయాన్ని పైవారిపైకి నెట్టివేయడం, ప్రతిపనినీ అలవాటు చొప్పున చేయడం ఆమె గమనించినది. ఇవన్నీ ఆందోళననుండి రక్షణకై సంస్థ కట్టుకొన్న గోడలు. కాని గోడలు ఆందోళనను తగ్గించలేదు. సున్నిత హృదయం గలవారు, సమర్థులు ఉద్యోగం విడిచి వెళ్లినారు.

మన వార్డులలో "ఆరో నంబరు మళ్లీ మొదలుపెట్టినాడు" అనే మాట వినబడితే దానిని క్రూరత్వమని తొందరపడి తీర్పు చెప్పరాదు. అది అలసిన మనస్సు వేసుకొన్న కవచం. కాని ఆ కవచం ధరించినవాడు క్రమంగా తన ఇంటివారిని కూడా తాకలేడు. రాయి కావడం నిబ్బరం కాదు. రాయి దెబ్బను తట్టుకొంటుంది, కాని ఎవరికీ నీడనివ్వదు.

నిబ్బరం ఎక్కడినుండి వస్తుంది?

నిబ్బరమంటే పుట్టుకతో వచ్చిన ఉక్కు గుండె అని సాధారణాభిప్రాయం. తీగ ఉదాహరణను మరల చూడండి. తీగ తెగకుండా ఉండడం తీగ నాణ్యతపై కొంత, దానికి కట్టిన బరువుపై కొంత ఆధారపడుతుంది. బరువు తగ్గించకుండా తీగకు ధైర్యవచనాలు చెప్పడం శాస్త్రం కాదు. సిబ్బంది చాలని వార్డులో యోగాభ్యాసంపై ఉపన్యాసం ఏర్పాటు చేయడం కూడా అటువంటిదే. యోగం మంచిదే, నమాజు మంచిదే, ప్రార్థన మంచిదే. అవి మనిషిని నిలబెడతాయని వారే చెబుతారు. అయితే అవి రెండవ నర్సు స్థానాన్ని భర్తీ చేయలేవు.

అనుభవం, పరిశోధన కలిసి చూపిన మార్గాలు కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది తోడు. కరాసెక్ సూత్రానికి తరువాతి పరిశోధకులు సహోద్యోగుల అండను మూడవ అంశంగా చేర్చినారు. కేక వేస్తే ప్రక్కవాడు వస్తాడనే నమ్మకం ఉన్న వార్డులో భయం సగమవుతుంది. డ్యూటీ చేతులు మారేటప్పుడు పావుగంటసేపు నిలబడి, ఏ రోగికి ఉత్తరం వచ్చినది, ఎవరికి రాలేదు, ఎవరు అన్నం ముట్టలేదు అని చెప్పుకొనే వార్డులో అనేక ప్రమాదాలు ముందే తప్పిపోతాయి.

రెండవది మాట. ఇంగ్లండులో లెన్ బవర్స్ నాయకత్వంలో సేఫ్‌వార్డ్స్ అనే పద్ధతిని 15 వైద్యశాలలలోని 31 వార్డులలో పరీక్షించి 2015లో ఫలితాలు ప్రకటించినారు. అందులో కొత్త మందులు లేవు, కొత్త తాళాలు లేవు. కాదని చెప్పవలసినప్పుడు మృదువుగా చెప్పడం, ప్రతి రోగిని గూర్చి ఒక మంచిమాట తరువాతి డ్యూటీవారికి అందించడం, చెడువార్త వచ్చే రోగిని ముందే కనిపెట్టి ప్రక్కన కూర్చోవడం, సిబ్బంది, రోగులు ఒకరి ఇష్టాలను ఒకరు తెలుసుకోవడం, ఇంటికి వెళ్లే రోగులు వ్రాసిన మాటలను గోడపై ఉంచడం వంటి పది చిన్న పనులున్నాయి. ఆ వార్డులలో ఘర్షణలు సుమారు 15 శాతం, నిర్బంధ చర్యలు సుమారు 26 శాతం తగ్గినాయి. మన పెద్దలు "నోరు మంచిదైతే ఊరు మంచిది" అన్నమాట ఇక్కడ లెక్కలతో రుజువైనది.

మూడవది ఘటన తరువాతి ఆదరణ. దెబ్బ తిన్న ఉద్యోగిని వెంటనే కూర్చోబెట్టి జరిగినదంతా చెప్పించితే మేలని ఒకప్పుడు తలచినారు. అట్టి ఒక్కరోజు బలవంతపు చర్చలవల్ల ప్రయోజనం లేదని, కొందరికి హాని కూడా కలగవచ్చునని 2002 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చినది. మేలు చేసేది మరింత సాదా విషయం: ఆ పూట పనినుండి విడుదల, ఇంటివరకు తోడు, వారం తరువాత "ఎట్లున్నావమ్మా" అని పెద్ద నర్సు అడిగే పలకరింపు, చెప్పాలనుకొన్నప్పుడు వినే చెవి. తప్పు వెదకే విచారణ వేరు, మనిషిని నిలబెట్టే పలకరింపు వేరు. రెండింటినీ ఒకే బల్లవద్ద జరపరాదు.

నాలుగవది అర్థం. ఒకనాడు తనను కొట్టిన మనిషి కోలుకొని, శుభ్రమైన చొక్కా తొడుక్కొని, భార్యాబిడ్డలతో నమస్కరించి వెళ్లడాన్ని చూసిన వార్డు బాయ్‌కి లభించే తృప్తి ఏ శిక్షణా ఇవ్వలేదు. దురదృష్టవశాత్తు మూసిన వార్డు సేవకులు రోగి పతనాన్నే చూస్తారు. కోలుకొన్నవారు మరల ఆ వైపు రారు. ప్యుస్సాఁ కోలుకొన్న రోగులను సేవకులుగా నియమించుకోవడంలోని విజ్ఞత ఇదే. తన శ్రమ ఫలితం ప్రతిదినం కళ్లఎదుట నడుస్తూ ఉంటుంది.

మన కర్తవ్యం

2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలోని వయోజనులలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారు. చికిత్స అందనివారి భాగం రుగ్మతనుబట్టి 70నుండి 92 శాతం వరకు ఉన్నది. ఈ అంతరాన్ని వైద్యులు మాత్రమే పూడ్చలేరు. నర్సులు, ఆరోగ్య కార్యకర్తలు, ఆసరాగా నిలిచే సామాన్య ఉద్యోగులు వేల సంఖ్యలో కావాలి. నర్సింగు పాఠ్యక్రమంలో మానసిక ఆరోగ్య శుశ్రూష తప్పనిసరి అంశం. విద్యార్థినులు ఆ వార్డులలో కొంతకాలం శిక్షణ పొందుతారు. ఆ కొద్దికాలంలో వారు చూసేది భయపడిన సేవకులనా, నిబ్బరం గల సేవకులనా అనే దానిపైనే వారిలో ఎందరు ఈ శాఖను ఎన్నుకొంటారనేది ఆధారపడి ఉన్నది.

కళాశాల కమిటీవారికి సవినయంగా మూడు మనవులు. అక్టోబరు 10 ప్రపంచ మానసిక ఆరోగ్య దినం. ఆనాడు వైద్యునితోపాటు మానసిక వైద్యశాలలో పనిచేసిన ఒక నర్సును, ఒక వార్డు సేవకుని కూడా వేదికపైకి ఆహ్వానించవలసినది. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి-మానస్ ఉచిత ఫోను సంఖ్య 14416ను తెలుగులోను, ఉర్దూలోను నోటీసు బోర్డుపై శాశ్వతంగా ఉంచవలసినది. మన విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు అది ఎప్పుడైనా అక్కరకు రావచ్చును. ఇక మూడవది: సేవాసంఘం తరఫున మానసిక వైద్యశాలలకు విద్యార్థులను పంపదలచితే చూచి వచ్చేందుకు పంపవద్దు. లండనులోని బెత్లెం ఆశ్రయంలో 1770 వరకు రోగులను వేడుకగా చూడడానికి జనాన్ని లోనికి వదిలేవారు. మనవారు వెళ్లితే ఏదైనా పని చేయడానికే వెళ్లాలి. ఉత్తరాలు వ్రాసి పెట్టడం, చదివి వినిపించడం, సిబ్బంది చెప్పిన చిన్న పనులు చేయడం వంటివి చాలు.

విద్యార్థి మిత్రులకు ఒక్క మాట. ఎర్రగడ్డ పేరును, విశాఖ పేరును పరిహాసానికి వాడడం నేటినుండి మానుదాము. దానికి ఖర్చు లేదు, పరీక్ష లేదు. ఈ వ్యాసం చదువుతున్న వేళకు ఆ రెండు చోట్ల ఎవరో ఒక నర్సు రాత్రి డ్యూటీకి సంతకం పెట్టి, తాళపుచెవుల గుత్తిని అందుకొని, ముందు డ్యూటీవారినుండి రోగుల వివరాలు అడిగి తెలుసుకొంటూ ఉంటుంది. ఆమె చేస్తున్నది తీమార్‌దారీ. దానికి తగిన గౌరవాన్ని, తగినంత తోడును సమకూర్చడం సమాజంగా మన బాధ్యత.